కొనబోవు ఇంటిని రెండవమారు చూచునప్పుడు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను పెద్దల మాట తెలుగునాట ఎరుగనివారు లేరు. కట్టుటలోని శ్రమను తప్పించుకొనుటకై పలువురు కట్టిన ఇంటినే కొనుచుందురు. కట్టించినవానికి తన గోడలో ఏమున్నదో, నేలక్రింద ఏమున్నదో తెలియును. కొన్నవానికి ఈ రెండును తెలియవు. తెలిసికొనుటకు అతనికి గల అవకాశ మొక్కటే: రిజిస్ట్రేషనుకు ముందు ఆ ఇంటిని మరల ఒకసారి తీరికగా చూచుట.

మొదటిసారి చూచునప్పుడు గదులెన్ని, బజారెంత దూరము, ధర ఎంత అను మూడు ప్రశ్నలతోనే పూట గడచిపోవును. వెంట మధ్యవర్తి యుండును. గోడలకు క్రొత్తగా సున్నము వేసి యుందురు. ఆ పిమ్మట దస్తావేజులను వకీలు చూచును. గోడల బలమును ఇంజనీరు చూచును. దిక్కులను వాస్తు తెలిసినవారు చూతురు. ఆ ఇంట నివసింపబోవువారి ఆరోగ్యమును గూర్చి చూచువా డెవడును లేడు. ఆ పని కొనువారే చేసికొనవలెను. అది కష్టమైన పని కాదు. ఒక పూట కాలము, కొంచెము ఓపిక చాలును.

ఒక కుటుంబమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. గోదావరి తీరపు పట్టణములలో ఒకదానియందు అద్దె ఇంట నున్న గుమాస్తా, అతని భార్య, ఉబ్బసముతో బాధపడు ఎనిమిదేండ్ల కుమారుడు, మోకాళ్ళ నొప్పులుగల తల్లి. ఇరువది ఏండ్ల పొదుపునకు బ్యాంకు ఋణమును చేర్చి ఒక పాత డాబా ఇంటిని కొనదలచిరి. వైశాఖమున ఎండలో ఇల్లు చూచి ధర మాటలాడుకొనిరి. ఆషాఢమున శుభకార్యములు చేయరు గనుక రిజిస్ట్రేషనును శ్రావణమునకు నిర్ణయించుకొనిరి. ఆ మధ్య కాలమున, రెండు దినములు వాన కురిసిన పిదప, నలుగురును కలిసి ఇంటిని మరల చూడబోయిరి.

ఎప్పుడు, ఎవరితో వెళ్ళవలెను?

రెండవమారు చూచుటకు వానపడిన మరునాడు మిక్కిలి అనుకూలమైనది. ఎండకాలమున దాగియున్న దోషములు వానకు తామే బయటపడును. వీలైనచో ప్రొద్దుట ఒకసారి, దీపములు పెట్టిన తరువాత ఒకసారి వెళ్ళుట మేలు. కుళాయి నీరు వచ్చు వేళ ఏదో, దోమలు ముసురు వేళ ఏదో అప్పుడుగాని తెలియదు.

ఇంటిలో వంట చేయువారిని, వృద్ధులను తప్పక తీసికొనిపోవలెను. మెట్టు ఎత్తును మోకాలు గుర్తించినట్లు కన్ను గుర్తింపదు. చేతిలో ఒక టేపు, టార్చి దీపము, రెండు శుభ్రమైన సీసాలు, కాగితము, కలము ఉండవలెను. చూచినదానిని అక్కడికక్కడే వ్రాసికొనవలెను. ఇంటికి వచ్చిన తరువాత మనస్సునకు నచ్చినవే జ్ఞాపకముండును.

నీరు

మొదట విచారింపవలసినది త్రాగునీరు. ఇంటికి నీరెక్కడనుండి వచ్చుచున్నది? పురపాలక సంఘపు కుళాయియా, బావియా, గొట్టపు బావియా, ట్యాంకరా? వేసవిలో ఎన్ని నెలలు చాలకపోవును? ఈ ప్రశ్నలను అమ్మువారిని మాత్రమేగాక, ఆ ఇంట అద్దెకున్నవారిని, పొరుగువారిని కూడ అడుగవలెను.

బావి యున్నచో దాని కట్టడమును చూడవలెను. ఆరోగ్యకరమైన బావికి లోపలి ఒర సుమారు 20 అడుగుల లోతు వరకు నీరు చొరనట్లుండవలెను. చుట్టును రెండున్నర అడుగుల ఎత్తు గట్టు, కనీసము 3 అడుగుల వెడల్పుగల చప్టా, చిందిన నీరు దూరముగా పోవుటకు కాలువ ఉండవలెను. చప్టా పగిలియున్నచో కాళ్ళు కడిగిన నీరు మరల బావిలోనికే దిగుచున్నదని అర్థము. మరుగుదొడ్డి గుంత, పశువుల కొట్టము, పెంటకుప్ప మొదలగునవి బావికి 50 అడుగుల లోపల ఉండరాదు.

గుమాస్తా కొనదలచిన ఇంట బావి ఈశాన్యమునను, మరుగుదొడ్డి వాయవ్యమునను ఉండెను. వాస్తు తెలిసినవారు చూచి దోషము లేదనిరి. ఆ ఇంటివరకు అది నిజమే. రెండింటికిని నడుమ చాలినంత దూర మున్నది. కాని రెండవమారు చూచునప్పుడు తల్లి చప్టామీద నిలిచి, తూర్పు ప్రహరీ గోడవైపు చూచి, “అబ్బాయీ, మన బావి మనకు ఈశాన్యమే. ఈ గోడకు అవతల ప్రక్కవారికి వాయవ్యము గదా! వారి మరుగుదొడ్డి ఎక్కడ నున్నది?” అని అడిగెను.

గోడ కవతల చూడగా, పొరుగువారును అదే శాస్త్రమును పాటించి తమ వాయవ్యమున మరుగుదొడ్డిని, దాని ప్రక్కనే ఇంకుడు గుంతను కట్టించి యుండిరి. టేపుతో కొలువగా గుంతకును బావికిని నడుమ 12 అడుగులు మాత్రమే యుండెను. ఒక్కొక్క ఇంటిని వేరుగా చూచిన దోషము లేదు. రెండిండ్లను కలిపి చూచినప్పుడే దోషము కనబడినది. నేలక్రింది నీటికి ప్రహరీ గోడ అడ్డము కాదు. కావున కొనువారు తమ స్థలమునే కాక నాలుగు ప్రక్కల స్థలములను కూడ తప్పక పరిశీలింపవలెను.

కన్నులకు తేటగా నున్నంత మాత్రమున నీరు మంచిదని చెప్పరాదు. భారత ప్రమాణ సంస్థ త్రాగునీటికై 2012లో సవరించి ప్రకటించిన ప్రమాణము ప్రకారము 100 మిల్లీలీటర్ల నీటిలో మలసంబంధమైన ఈ.కోలి సూక్ష్మజీవి ఒక్కటియు ఉండరాదు. లీటరు నీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు లోపల ఉండవలెను. వేరొక ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే ఓర్చుకొనవచ్చును.

ఫ్లోరైడు విషయము తెలుగువారికి క్రొత్తది కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలు బిగిసి నడుము వంగిపోవు వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు జనులు ఈ బాధను తరతరములు అనుభవించిరి. గొట్టపు బావిగల ఇల్లు కొనునప్పుడు ఈ పరీక్ష తప్పక చేయింపవలెను. నీటిని కాచినచో సూక్ష్మజీవులు నశించును. ఫ్లోరైడు, నైట్రేటు నశింపవు. నీరు ఇగిరినకొలది అవి మరింత చిక్కనగును. నైట్రేటు అధికముగా నున్న నీటితో పాలు కలిపి పోసిన పసిబిడ్డలకు రక్తమున ప్రాణవాయువు తగ్గి శరీరము నీలివర్ణమగు అపాయము కలదు.

జిల్లాలలోని నీటి పరీక్షాశాలలలో సామాన్యులును స్వల్ప రుసుముతో పరీక్ష చేయించుకొనవచ్చును. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ క్రింద గ్రామీణ పరీక్షాశాలలను ప్రజలకు అందుబాటులోనికి తెచ్చిరి. రసాయన పరీక్షకు సీసాను అదే నీటితో రెండుమూడు సార్లు తొలిచి నింపవలెను. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రము పరీక్షాశాలవారిచ్చిన శుద్ధమైన సీసాలోనే పట్టి, మంచులో నుంచి, ఆ దినముననే అందజేయవలెను. ఇంటివద్దనే చేసికొను చిన్న పరీక్షయు కలదు. మందు పూసిన కాగితము గల సీసాలో నీరు నింపి యుంచినచో, మలినమున్న నీరు 24 నుండి 48 గంటలలో నల్లబడును.

మరుగు

ఇంటి మరుగు ఎచ్చటికి పోవుచున్నదో అమ్మువారు వ్రేలితో చూపవలెను. సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడ నున్నది, చివరిసారి ఎప్పుడు తీయించిరి అని అడుగవలెను. మూతపైన గచ్చు చేసి గది కట్టినచో, నిండిన నాడు దానిని తీయించుట ఎట్లు? ట్యాంకు నుండి వెలువడు నీరు ఇంకుడు గుంతలోనికి పోవుచున్నదా, వీధి కాలువలోనికి వదలిరా అనునది కూడ చూడవలెను. త్రాగునీరు నిలువజేయు నేల సంపు ట్యాంకునకు సమీపముగా నుండుట పట్టణములలోని పెద్ద అపాయము. సంపు గోడ బీటలువారినచో మురుగు లోనికి ఊరును. దోసెడు నీరైనను దుర్వాసనగా నున్నచో ఆ సంపును నమ్మరాదు.

ట్యాంకును శుభ్రపరచుటకు మనుష్యుని లోపలికి ఎన్నటికిని దింపరాదు. అందలి విషవాయువులు క్షణములలో ప్రాణము తీయును. 2013 నాటి చట్టము దీనిని నేరముగా నిషేధించినది. యంత్రపు బండి ఆ మూత దగ్గరకు రాగలదా అని కూడ రెండవమారు చూచునప్పుడే విచారింపవలెను.

మరుగుదొడ్డిలోను, స్నానాల గదిలోను నీరు పోసి అది ఎంత త్వరగా దిగునో చూడవలెను. గొట్టపు వంపులో నీరు నిలిచి దుర్వాసనను, బొద్దింకలను ఆపవలెను. చాలకాలము తాళము వేసిన ఇంట ఆ నీరు ఎండిపోయి వాసన వచ్చుట సహజము. రెండు చెంబుల నీరు పోసినను వాసన పోనిచో లోపము గొట్టములలో నున్నది.

చెమ్మ

క్రొత్త సున్నమునకు క్రింద దాగియుండునది చెమ్మ. మంచములు, బీరువాలు గోడకు దూరముగా జరిపించి చూడవలెను. చెమ్మ ఎక్కడ నున్నదనుటను బట్టి కారణము తెలియును. నేలనుండి సుమారు 3 అడుగుల ఎత్తు వరకు సున్నము పొక్కి, తెల్లని ఉప్పు పూత పట్టినచో పునాది చెమ్మ పైకి ఎక్కుచున్నది. కప్పు దగ్గర మరకలున్నచో డాబా కారుచున్నది. గోడ నడుమ తడి యుండి, అవతలివైపు స్నానాల గది యున్నచో గొట్టము పగిలినది. మూడవది సులభముగా బాగుపడును, రెండవదానికి కొంత వ్యయమగును, మొదటిది కష్టతరము.

సందేహమున్నచో అల్యూమినియపు రేకు కాగితమును గోడకు నాలుగువైపుల అతికించి ఒకదినము ఉంచవలెను. గోడ తగులు ప్రక్క తడిసినచో చెమ్మ గోడలోనిది. గదివైపు తడిసినచో గాలి చాలక ఆవిరి పట్టినది.

చెమ్మను అందము చెడుటగా మాత్రమే ఎంచరాదు. తడిగోడమీద పెరుగు బూజు గాలిలో కలిసి ఊపిరితిత్తులలోనికి పోవును. చెమ్మ, బూజుగల ఇండ్లలో నివసించువారికి దగ్గు, ఉబ్బసము హెచ్చుగా నుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన గ్రంథమున వివరించినది. గుమాస్తా తన కుమారునికై ఎంచిన పడమటి గదిలో బీరువా జరుపగా, వెనుక చేరెడంత నల్లని బూజు కనబడెను. అవతల స్నానాల గది కుళాయి యుండెను. అది గొట్టపు దోషమని తేలినది. బాగుచేయించి, గోడ పూర్తిగా ఎండినదాక బాలుని ఆ గదిలో పండుకొన నీయరాదని నిశ్చయించిరి.

గాలి, వెలుతురు

పగటిపూట దీపములన్నియు ఆర్పించి గదులలో నిలువవలెను. కిటికీ దగ్గరకాక గది నడుమ పుస్తకము చదువవీలుండవలెను. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము గాలి వచ్చు కిటికీ వైశాల్యము ఉక్క అధికముగాగల తీరప్రాంతములలో గది నేలలో ఆరవవంతు, పొడి వేడిమి ప్రాంతములలో పదవవంతు ఉండవలెను. అనగా 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుగల గదికి కోస్తాలో 20 చదరపు అడుగులు, పొడి వేడిమిగల మెట్ట ప్రాంతములలో 12 చదరపు అడుగులు. కిటికీ ఒక్కటే యున్న గదిలో గాలి చొచ్చునుగాని దాటిపోదు. అగరువత్తి వెలిగించి పొగ ఏవైపు పోవునో చూచినచో తెలియును. క్షయ మొదలగు గాలి ద్వారా వ్యాపించు వ్యాధులు గాలి కదలని గదులలో సులభముగా అంటుకొనును. కిటికీ కెదురుగా ఖాళీస్థలమున్నచో అది ఎవరిదో, రేపు అక్కడ గోడ లేచునేమో విచారింపవలెను.

వంటయిల్లు, విద్యుత్తు

వంటయింటి పొగ, ఆవిరి బయటకు పోవు దారి యుండవలెను. వంటగ్యాసు గాలికన్న బరువైనది. కారినప్పుడు నేలకు దిగి నిలుచును. కావున నేల దగ్గరను కూడ గాలి దారి అవసరము. స్నానాల గదిలో గ్యాసుతో నీరు కాచు యంత్రమున్నచో దానిని తీయించి బయట పెట్టింపవలెను. తలుపు మూసిన చిన్నగదిలో దాని మంట వలన పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. స్నానమునకు వెళ్ళినవారు తెలివితప్పి మరణింతురు.

పాత ఇంట విద్యుత్ తీగలను లైసెన్సుగల పనివానిచేత పరీక్ష చేయింపవలెను. ఎర్తింగు సరిగా నున్నదా, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును నిలుపు ఆర్.సి.సి.బి. పరికరమున్నదా అని అడుగవలెను. తడిగోడమీద చేయి పెట్టినప్పుడు జివ్వుమన్నచో ఆ ఇంటిలో ఒక్కరాత్రియు ఉండదగదు.

దోమలు

1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. డెంగీని వ్యాపింపజేయు దోమ మురుగులో కాక మంచినీటిలో గ్రుడ్లు పెట్టును; పగటివేళ కుట్టును. డాబామీది తొట్టికి బిగువైన మూత యున్నదా, సంపు మూత పగులలేదా, డాబామీద నీరు నిలుచుచున్నదా అని పైకెక్కి చూడవలెను. గ్రుడ్డు దోమగా మారుటకు వేసవి తాపమున సుమారు వారము పదిదినములు చాలును. బోదకాలును వ్యాపింపజేయు దోమ సెప్టిక్ ట్యాంకులలోను, మురుగు కాలువలలోను పెరుగును. ట్యాంకు గాలిగొట్టమునకు సన్నని వల కట్టినచో దానికి దారి మూసినట్లగును. ఈ రెండింటికిని అయ్యెడు వ్యయము స్వల్పము.

రంగులు, రేకులు, మెట్లు

మన దేశమున గృహముల రంగులలో సీసము పదిలక్షలకు 90 వంతులు మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు వేసిన తలుపుల రంగులలో సీసము హెచ్చుగా నుండవచ్చును. పెచ్చులూడిన రంగు, దాని దుమ్ము పిల్లల నోటిలోనికి పోయినచో మెదడు ఎదుగుదలకు హాని. దానిని పొడిగా గీకరాదు. తడిపి తీయించి, పిల్లలను దూరముగా నుంచవలెను. పెరటి వసారాకు ఆస్బెస్టాసు సిమెంటు రేకులున్నచో, పగులనివానిని కదలింపకుండుటయే మేలు. వానిని కోయుట, రంధ్రములు చేయుట, పగులగొట్టుట కూడదు. ఆ ధూళి చాలకాలమునకు క్యాన్సరును కలిగించును.

మెట్లన్నియు సమానమైన ఎత్తున నుండవలెను. ఒక్కమెట్టు ఎత్తు మారినను వృద్ధులు తూలిపడుదురు. డాబా పిట్టగోడ మీటరు ఎత్తునకు తగ్గరాదు. గుమాస్తా తల్లి స్నానాల గది గడపను దాటలేక గోడ పట్టుకొనెను. అచ్చట ఒక ఇనుప పట్టుకమ్మి, గరుకు రాయి అవసరమని కాగితమున వ్రాసికొనిరి.

వరద గుర్తు

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద పాతకథయని త్రోసివేయరాదు. 2020 అక్టోబరులో అదే నగరమున చెరువుల దిగువ కాలనీలు మునిగెను. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు దినముల తరబడి నీట నుండెను. కావున వీధి చివరి కిరాణాకొట్టు వారిని, పాలుపోయువారిని, “మొన్నటి వరదకు ఇక్కడ నీరెంత ఎత్తు వచ్చినది?” అని అడుగవలెను. “వచ్చినదా?” అని అడిగిన లేదందురు, “ఎంత వచ్చినది?” అని అడిగిన చేతితో చూపుదురు. తలుపుల అడుగు చెక్క ఉబ్బుట, మీటరు పెట్టెను క్రొత్తగా ఎత్తున అమర్చుట కూడ సాక్ష్యములే.

క్రొత్త అపార్ట్‌మెంట్లు కొనువారికి ఒక రక్షణ కలదు. 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, స్వాధీనము చేసిన 5 సంవత్సరములలోపల తెలియజేసిన నిర్మాణ దోషములను నిర్మాత తన ఖర్చుతో సరిచేయవలెను. పాత ఇల్లు కొనువారికి కన్నులే రక్షణ.

తుది లెక్క

చూచినవాని నన్నిటిని మూడు వరుసలుగా వ్రాయవలెను. కొద్ది ఖర్చుతో పోవునవి మొదటి వరుస: దోమల వల, తొట్టి మూత, పట్టుకమ్మి. పెద్ద ఖర్చుతో పోవునవి రెండవ వరుస: తీగలు, డాబా కారుట, గొట్టములు. వీని వ్యయమును లెక్కించి ధరలో తగ్గింపు మని మర్యాదగా అడుగవచ్చును. ఎంత వెచ్చించినను పోనివి మూడవ వరుస: వరద పల్లము, వేరొక ఆధారము లేని చెడునీరు, గాలి చొరని గదులు. మూడవ వరుసలో ఒక్కటున్నను బయానా పోయినను ఆ ఇంటిని విడుచుటయే లాభము.

గుమాస్తా కుటుంబము బావినీటిని పరీక్షింపగా సీసా మరునాటికే నల్లబడెను. ఇంటి యజమాని మొదట నొచ్చుకొని, “నలువది ఏండ్లుగా ఈ నీరే త్రాగితిమి, ఎవరికేమి కాలేదు” అనెను. ఆయన మాట అసత్యము కాదు. పొరుగువారి గుంత కట్టి ఎనిమిదేండ్లే అయినది. గడచిన రెండు వేసవులలో తన మనుమలకు మాటిమాటికి విరేచనములగుట ఆయనకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను. అంతవరకు దానిని మామిడిపండ్ల వేడి యనుకొనిరి.

వీధిలో పురపాలక సంఘపు కుళాయి గొట్టము ఉన్నందున ఈ దోషము మూడవ వరుసలోనికి రాలేదు. కుళాయి కనెక్షను, పడమటి గోడ గొట్టము, విద్యుత్ తీగలు వీని ఖర్చును ధరలో తగ్గించుటకు ఇరువురును అంగీకరించిరి. శ్రావణమున రిజిస్ట్రేషను జరిగెను. ఇల్లు ఖాళీ చేయువరకు మిగిలిన నెలదినములు యజమాని కుటుంబము నీటిని కాచి త్రాగెను. రెండవమారు చూచుట వలన కొన్నవారితోబాటు అమ్మినవారి పిల్లలకును మేలు కలిగినది.